రెండుసార్లు తిరిగొచ్చిన ఫ్లోరైడ్ ప్రాజెక్టు: రికమండేషన్ లేకపోవడమేనా కారణం?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రెగ్యులర్ ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. తాగునీటిలోంచి ఫ్లోరైడ్‌ని తీసేసే చౌక పదార్థం తయారు చేయాలని 48 లక్షలకు ఒక ప్రాజెక్టు రాసి కేంద్ర సంస్థకు పంపాను. రెండుసార్లూ ‘నాట్ రికమండెడ్’ అనే వచ్చింది. మొదటిసారి కారణమే చెప్పలేదు. రెండోసారి ‘కొత్తదనం లేదు, బడ్జెట్ సమర్థనీయంగా లేదు’ అని రెండు ముక్కలు రాశారు. మా హెచ్‌ఓడీ సార్ ‘ఢిల్లీలో మనవాళ్లు లేకపోతే ఇవి రావమ్మా’ అంటారు. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ అంతా మెరిట్ ప్రకారమే జరుగుతుందంటాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో యాభై వేలిస్తే శాంక్షన్ అయ్యేలా రాసిపెడతామంటున్నారు. మళ్లీ ప్రయత్నించాలా, మానేసి పాఠాలు చెప్పుకోవాలా? మా దగ్గర ఎమ్మెస్సీ చేసిన ఒక అబ్బాయి ఈ ప్రాజెక్టు వస్తే జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలోగా) చేరదామని కూర్చున్నాడు. ఆ టెన్షన్ ఒకటి.
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: అమ్మా, ఉత్తరంతో పాటు ప్రపోజల్ కాపీ కూడా పంపి మంచి పని చేశారు. అది లేకపోతే నేనూ మీ హెచ్‌ఓడీ గారిలాగే గాల్లో మాట్లాడేవాణ్ని.

ముందు కన్సల్టెన్సీ సంగతి తేల్చేద్దాం. ఆ యాభై వేలు ఇవ్వకండి. శాంక్షన్ చేయించే శక్తి వాళ్లకు లేదు. ఇలా రాసిచ్చినవి నా కంటపడ్డప్పుడల్లా ఎవరిదో పాత ప్రపోజల్‌లో ఊరి పేరు, రసాయనం పేరు మార్చినట్టే ఉండేవి. ఇందులో కాపీ ఏమీ లేదని హామీ పత్రం మీద సంతకం పెట్టేది మీరు. రేపు కమిటీ ప్రెజెంటేషన్‌కి పిలిస్తే నిలబడి జవాబులు చెప్పాల్సిందీ మీరే. వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు.

ఇక రికమండేషన్ మాట. అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం అనుమానాలు తీరతాయి, కొన్ని కొత్తవి పుడతాయి కూడా. కాల్, అంటే దరఖాస్తులు కోరే ప్రకటన, పడుతుంది. మీరు పోర్టల్‌లో ప్రపోజల్ ఎక్కిస్తారు, ప్రిన్సిపాల్ ఎండార్స్‌మెంట్ జత చేస్తారు. అర్హతలు సరిపోయాయో లేదో ఆఫీసులో చూస్తారు. తర్వాత అది ఆ రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకు వెళ్తుంది. వాళ్ల రిపోర్టులు తీసుకుని నిపుణుల కమిటీ కూర్చుంటుంది. కమిటీ సరేనన్నవాటికి డబ్బు లెక్కలు చూసి శాంక్షన్ ఆర్డర్ ఇస్తారు.

కొన్నేళ్లు నేనూ ఇలాంటి ప్రపోజల్స్ చదివే పని చేశాను. మీటింగులో ఒక్కో ప్రపోజల్‌కి దొరికేది కొద్ది నిమిషాలు. ఒక సభ్యుడు దాన్ని పరిచయం చేస్తాడు, రివ్యూయర్లు ఏమన్నారో చదువుతాడు, తన అభిప్రాయం చెప్తాడు. ఆ గదిలో మీ విషయం లోతుగా తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు సారాంశం పేజీ, బడ్జెట్ పేజీ తిరగేసి ఆ ఒక్కరి ముఖం చూస్తారు. ఆయన ‘బాగుందండీ, కానీ...’ అన్నారంటే పక్కన పెట్టేసినట్టే. డబ్బు తక్కువగా, కాగితాలు గుట్టలుగా ఉన్నప్పుడు మంచి ప్రపోజల్స్ వెతకడం కన్నా తీసేయడానికి కారణాలు వెతకడం తేలిక. మీ పరిచయస్థులు లేకపోవడం వల్ల అక్కడ మీకు జరిగే నష్టం కన్నా, ఎవరో ఒకరు ‘కానీ’ అనడానికి మీరే అవకాశం ఇవ్వడం వల్ల జరిగే నష్టం ఎక్కువ.

అలాగని పక్షపాతమే లేదని నేను అనను. సొంత సంస్థ వాళ్ల ప్రపోజల్, సొంత శిష్యుల ప్రపోజల్ వచ్చినప్పుడు సభ్యులు చర్చకు దూరంగా ఉండాలన్న నియమం ఉంది. కానీ సంస్థ పేరు చేసే పనికి ఏ నియమమూ అడ్డు రాదు. పై పేజీలో ఐఐటీ అని ఉంటే ‘పరికరాలున్నాయి, పిల్లలున్నారు, చేసేస్తారు’ అనుకుంటారు. డిగ్రీ కాలేజీ అని ఉంటే మొదటి ప్రశ్నే ‘చేయగలరా?’ పోటీ మీద ఇచ్చే కేంద్ర నిధుల్లో పెద్ద వాటా ఐఐటీలకు, ఐఐఎస్‌సీకి, కేంద్ర విశ్వవిద్యాలయాలకు, జాతీయ ల్యాబులకు పోతుందన్నది ప్రభుత్వం దాచిన విషయమేమీ కాదు. 2023లో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్‌ఆర్‌ఎఫ్) చట్టం చేసినప్పుడు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో పరిశోధన మొలకెత్తించడం దాని ఉద్దేశాల్లో ఒకటని చెప్పారు. అంతకుముందు ఈ గ్రాంట్లు ఇస్తూ వచ్చిన, 2008 చట్టంతో పుట్టిన సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇందులో కలిసిపోయింది. 2023 నుంచి 2028 వరకు అయిదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో కేంద్రం ఇచ్చేది 14,000 కోట్లు, మిగతా 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతర వనరుల నుంచి రావాలి. మన ప్రైవేటు వాళ్లు పరిశోధన కోసం అంతగా జేబులో చేయి పెడతారా అన్నది నాకు అనుమానమే. దేశం మొత్తం మీద పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉండిపోయింది. కుండలో ఉన్నదే అంతైనప్పుడు గరిటె ఎవరి చేతిలో ఉన్నా చివరి బంతివాళ్లకు మిగిలేది కొంచెమే.

మీ అన్నయ్య గారి మాట కూడా ఒకసారి చూద్దాం. అమెరికాలో వైద్య పరిశోధనకు గ్రాంట్లిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ పద్ధతి మనకన్నా బాగా నడిచేదే. రివ్యూయర్లు 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు, 1 అంటే శ్రేష్ఠం. వచ్చినవాటిలో దాదాపు సగం కమిటీలో చర్చకే రావు. కానీ రిజెక్ట్ అయినవాళ్లకు కూడా రివ్యూయర్ల విమర్శ పేజీల కొద్దీ చేతికి వస్తుంది. మనం నేర్చుకోవాల్సింది అది, మీకిచ్చినట్టు రెండు ముక్కలు రాసి పంపడం కాదు. మెరిట్ కొలత మాత్రం అక్కడా అంత నికార్సైనదేం కాదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 25 ఎన్‌ఐహెచ్ దరఖాస్తుల్ని 43 మంది రివ్యూయర్లకు ఇచ్చి చూశారు. ఒకే దరఖాస్తు మీద ఇద్దరు రివ్యూయర్ల అభిప్రాయం కలవడం దాదాపు కనిపించలేదు. న్యూజీలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి అయితే ఈ తంటా ఎందుకని 2013లో ఒక రకం గ్రాంట్లకు కనీస ప్రమాణాలు దాటినవాటన్నిటినీ లాటరీలో వేయడం మొదలుపెట్టింది. ఇక 2025లో అమెరికాలో నడుస్తున్న గ్రాంట్లు ఎన్నో మధ్యలోనే రద్దయ్యాయి, వ్యవహారం కోర్టులకెక్కింది. అన్నయ్య గారిని ఈమధ్య అడిగి చూడండి, అదే మాట అంటారో లేదో. ఆయన ఎప్పుడైనా తిరిగి వచ్చేయాలనుకుంటే బయోటెక్నాలజీ విభాగం వాళ్ల రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది, విదేశాల్లోని మన శాస్త్రవేత్తలు వెనక్కి రావడానికే పెట్టింది. ఆ పేరు గల మనిషి శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీ ప్రపోజల్ దగ్గరికి వద్దాం. మీరు పంపింది దేశంలోని పెద్ద పెద్ద సంస్థలన్నీ పోటీపడే పథకానికి. కాలేజీ అధ్యాపకుల కోసం విడిగా ఉన్నవి వదిలేసి అక్కడికెందుకు వెళ్లారు? సెర్బ్ రోజుల నుంచి ‘ష్యూర్’ అని ఒకటి ఉంది, పూర్తి పేరు స్టేట్ యూనివర్సిటీ రీసెర్చ్ ఎక్సలెన్స్. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో రెగ్యులర్‌గా పనిచేసేవాళ్లకు మూడేళ్లకు 30 లక్షల వరకు ఇచ్చేలా దాన్ని పెట్టారు. మీ పోటీ మీలాంటివాళ్లతోనే. ‘టేర్’ అని ఇంకొకటి, టీచర్స్ అసోసియేట్‌షిప్. అందులో మీ ఉద్యోగం మీరు చేసుకుంటూనే ఏదైనా ఐఐటీలోనో జాతీయ ల్యాబులోనో కేంద్ర విశ్వవిద్యాలయంలోనో ఒక గురువు దగ్గర కొంతకాలం పనిచేస్తారు. మూడేళ్లపాటు ఏడాదికి 5 లక్షల పరిశోధన నిధి వస్తుంది, అది మీ కాలేజీ, ఆ సంస్థ చెరిసగం పంచుకోవాలి. మీకు విడిగా ఏడాదికి 60,000 ఫెలోషిప్. ఇవి నేనెరిగిన కాల్స్‌లో ఉన్న మొత్తాలు. ఒక్కో కాల్‌కి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏఎన్‌ఆర్‌ఎఫ్ పోర్టల్‌లో తాజా కాల్ చూసి రాయండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకిచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు మీద ఆశ పెట్టుకోకండి, ఆరేళ్ల సర్వీసుతో ఆ గడువు దాటిపోయింది.

నన్నడిగితే మీరు ముందు టేర్‌కి వెళ్లాలి. డబ్బు కొంచెమే. కానీ హైదరాబాద్‌లోనే సీఎస్‌ఐఆర్ వాళ్ల రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది, ఐఐటీ సంగారెడ్డి దగ్గరుంది. మీకు బస్సు దూరమే. అక్కడొకరితో కలిసి రెండు మంచి పేపర్లు వేశాక ‘చేయగలరా?’ అని అడిగేవాళ్లకు మీరు జవాబు చెప్పక్కర్లేదు, కాగితమే చెప్తుంది.

‘కొత్తదనం లేదు’ అన్న మాట మీకు బాధ కలిగించి ఉంటుంది. దురదృష్టవశాత్తు ఆ రివ్యూయర్ సరిగ్గానే చెప్పారు. ఫ్లోరైడ్‌ని పీల్చే పదార్థాల మీద ప్రపంచంలో పేపర్లు కుప్పలు తెప్పలు. యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు, చింతగింజలు, వరిపొట్టు బూడిద, ఒకటా రెండా. ఈ వరసలో మీ పదార్థం ఇంకొకటి. మీ ప్రయోగాలన్నీ డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేస్తామని రాశారు. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఉంటుంది, సిలికా ఉంటుంది, నీరు క్షారంగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తొంభై శాతం తీసేసే పదార్థం బోరు నీళ్లలో చేతులెత్తేయడం ఈ రంగంలో మామూలే, రివ్యూయర్‌కి అది కంఠతా వచ్చు.

విచిత్రమేమిటంటే ఐఐటీ ప్రొఫెసర్ దగ్గర లేని సరుకు మీ దగ్గరుంది, దాని గురించి ప్రపోజల్‌లో ఒక్క వాక్యం లేదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి మీ జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అని ప్రపంచంలో ఫ్లోరైడ్ గురించి రాసే ప్రతి పుస్తకంలో ఉంటుంది. చవకైన పద్ధతే. అయితే నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున చేరే బురదను ఎక్కడైనా పారబోయాలి, నీళ్లలో అల్యూమినియం మిగలకుండా చూసుకోవాలి, రోజూ ఎవరో ఒకరు దగ్గరుండి చేయాలి. చాలాచోట్ల ఈ పద్ధతితో పెట్టిన ప్లాంట్లు మూలపడ్డాయి. ఎక్కడ, ఎందుకు మూలపడ్డాయి? మీ పదార్థం వాడితే ఆ బాధల్లో ఏది తప్పుతుంది? వాడేసిన పదార్థాన్ని ఏం చేస్తారు, బిందె నీళ్లకు ఎంత పడుతుంది? ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ వైపు నుంచి వచ్చే పిల్లలు మీ క్లాసులోనే కూర్చుంటారు కదా, వాళ్ల ఊరి బోర్ల నీళ్లు సీసాల్లో తెప్పించి ముందే పరీక్షించి, ఆ అంకెల్ని మొదటి పేజీలో పెట్టండి. ప్రాథమిక ఫలితాలు ఉన్న ప్రపోజల్‌కీ లేనిదానికీ కమిటీలో చాలా తేడా ఉంటుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటికొచ్చాక ఈ పరిశోధన ఇంకెందుకు? దానికి జవాబు మీరే ముందు రాసేయండి. ఏ ఊళ్లో ఇప్పటికీ బోరు నీళ్లు వాడుతున్నారు, దేనికి వాడుతున్నారు, వాటిలో ఫ్లోరైడ్ ఎంత, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చెప్పిన లీటరుకు 1 మిల్లీగ్రాము కన్నా, వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకునే 1.5 కన్నా ఎంత ఎక్కువ అన్నది చూపించాలి. లెక్క తీశాక అసలు అవసరమే లేదని తేలితే, అది కూడా ఇప్పుడే తెలియడం నయం.

రామలింగస్వామి గారి ప్రస్తావన వస్తుందన్నాను కదా. 1956లో ఆయన బృందం హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గాయిటర్ (అయొడిన్ లోపంతో గొంతు దగ్గర వచ్చే వాపు) మీద అధ్యయనం మొదలుపెట్టింది. లోయను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి అయొడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. కొన్నేళ్లకు మొదటి రెండు చోట్ల పిల్లల్లో గాయిటర్ బాగా తగ్గింది, మూడోచోట పెద్దగా మారలేదు. ఆ తర్వాత అక్కడా అయొడిన్ ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది. ఈ పని ఏమిటో కెమిస్ట్రీ రాని ఆడిటర్‌కి కూడా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఏది మారుస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఏది కొలుస్తారు అన్నది అందులో దాగి లేదు. మీ ప్రపోజల్‌లో ఆరు లక్ష్యాలున్నాయి, పోలిక ఒక్కటీ లేదు. కనీసం యాక్టివేటెడ్ అల్యూమినాతో, నల్గొండ టెక్నిక్‌తో అవే బోరు నీళ్ల మీద పోల్చి చూస్తామని రాయండి. ఆరు లక్ష్యాల్ని రెండు చేయండి.

బడ్జెట్ పేజీ చూసి నేను నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. 48 లక్షల్లో 18 లక్షలు పదార్థంలోని రసాయన బంధాల్ని గుర్తించే ఎఫ్‌టీఐఆర్ యంత్రానికి పెట్టారు. మూడేళ్లలో దానితో మీకు ఎన్ని శాంపిల్స్ పని ఉంది? కొన్ని పదులు. అంతకోసం యంత్రం కొంటారా ఎవరైనా? ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ యంత్రం బయటివాళ్లకు ఇస్తారో ఉంటుంది, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) సాయంతో నడిచే సైఫ్ పరికరాల కేంద్రాలకు శాంపిల్ పోస్టులో పంపొచ్చు. అనాలిసిస్ చార్జీలని ఒక లైన్ వేస్తే సరిపోతుంది. అసలు అవసరమైన వస్తువు మాత్రం లిస్టులో లేదు. ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్, దానికి మీటరు, శాంపిల్‌లో కలిపే టీసాబ్ బఫర్ ద్రావణం ఎక్కడమ్మా? స్పాడ్న్స్ రంగు పద్ధతితో కొలుస్తామని రాశారు. నీళ్లలో అల్యూమినియం ఉంటే ఆ పద్ధతిలో రీడింగులు తప్పుతాయి, మీ పదార్థమేమో అల్యూమినియంతో చేసినదే. కెమిస్ట్ అయిన రివ్యూయర్ ఇక్కడే పెన్ను కింద పెట్టేసి ఉంటారు. ‘బడ్జెట్ సమర్థనీయంగా లేదు’ అన్న ముక్క వెనుక ఉన్నది ఇదేనని నా ఊహ.

జేఆర్‌ఎఫ్ జీతం 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఇంటద్దె భత్యం అదనం. మీరు ఇంకా పాత 31,000 వేశారు. చిన్న విషయమే, కానీ పాత ప్రపోజల్ దుమ్ము దులిపి పంపారని పట్టిచ్చేస్తుంది.

శాంక్షన్ వచ్చాక మొదలయ్యే కథ ఎవరూ ముందు చెప్పరు. డబ్బు ఒకేసారి రాదు. ఏడాది చివర ఖర్చుల పట్టిక, కేంద్ర ఆర్థిక నియమాల ప్రకారం జీఎఫ్‌ఆర్ 12-ఎ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, డబ్బు దేనికిచ్చారో దానికే వాడామన్న పత్రం) పంపితేనే తర్వాతి విడత. దాని మీద మీ సంతకం, అకౌంట్స్ వాళ్ల సంతకం, ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ప్రిన్సిపాల్ ట్రాన్స్‌ఫర్ అయితే, అకౌంటెంట్ ‘ఇది నా పని కాదు’ అంటే యూసీ ఆగుతుంది, యూసీ ఆగితే ఆ పిల్లవాడి జీతం ఆగుతుంది. కొనుగోళ్లకు ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు జెమ్ పోర్టల్ నిబంధనలు వేరే. 2025 జూన్‌లో పరిశోధన సంస్థలకు కొంత వెసులుబాటు ఇచ్చి, కోటేషన్లు లేకుండా కొనే పరిమితిని 1 లక్ష నుంచి 2 లక్షలకు పెంచారు. మీ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో ప్రపోజల్ పంపే ముందే అడగండి. ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చులు) కింద కాలేజీకి కూడా కొంత శాతం వస్తుందని ప్రిన్సిపాల్‌కి గుర్తు చేయండి, ఆ మాట చెప్పాక సంతకాలు కాస్త వేగంగా పడతాయి.

హెచ్‌ఓడీ గారితో వాదన పెట్టుకోకండి. ఆయన్ని కో-పీఐగా (సహ పరిశోధకుడిగా) ఉండమని అడిగి చూడండి, ఒప్పుకుంటే ఢిల్లీ మాట ఆయనే మర్చిపోతారు. కానీ పని చేయని పేరు మాత్రం పెట్టొద్దు, ఆయన ఏ భాగం చేస్తారో ప్రపోజల్‌లో రాయాల్సి ఉంటుంది.

ఇక మీ దగ్గర కూర్చున్న అబ్బాయి. ప్రాజెక్టు వస్తుందని చెప్పి అతన్ని ఆపకండి. కాల్ పడి, కమిటీ కూర్చుని, మొదటి విడత ఖాతాలో పడేసరికి ఏడాది తేలిగ్గా గడిచిపోతుంది. అతన్ని సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, గేట్ రాయమనండి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే అదే 37,000 అతని పేరు మీదే వస్తుంది, ఏ ల్యాబుకి వెళ్లినా అది అతని వెంటే ఉంటుంది. ఆ సిలబస్ చదువుకుంటూ వారానికి ఒకరోజు మీ ల్యాబులో బోరు నీళ్ల శాంపిల్స్ కొలుస్తానంటే సంతోషం, ఎలక్ట్రోడ్ కాలేజీ నిధులతో ముందే కొనిపించండి. రెండు రుతువుల డేటా చేతికొచ్చాక కొత్త ప్రపోజల్ నాకు మళ్లీ పంపండి, చూసి పెడతాను.